ఫోటో అంటించిన జబ్బు

మా శ్రీనివాసరాజు గారికి తెలియని విషయమంటూ లేదు. ఆయనతో వచ్చిన చిక్కే అది. భీమవరం పక్కన మా ఊళ్ళో రొయ్యల మేత, మందులు అమ్మే పెద్ద కొట్టు ఆయనది, సొంతానికి ఒక రొయ్యల చెరువు కూడా ఉంది. కొట్టు పేరు మీద ఒక బ్లాగు నడుస్తుంది. రైతులు గట్టు మీద కూర్చుని ఫోన్లో చదువుకునేలా జబ్బుల గురించి, మేత గురించి తేలిక మాటల్లో రాసేది నేను. నా పేరు సారిక. పోస్టు కింద ఉండే పేరు మాత్రం రాజుగారిది. పోనీలే, జీతం ఇస్తున్నారు కదా అనుకునేదాన్ని.

ఆయన మేనల్లుడు ఆదిత్య ఒకరోజు కాకినాడ నుంచి ఊడిపడ్డాడు. నా రాతలు చప్పగా ఉన్నాయని తేల్చాడు. బొమ్మలుండాలట, లింకులుండాలట, లేకపోతే ఎవరూ చదవరట. మనం రాసింది ఒక సాఫ్ట్‌వేరులో పడేస్తే అదే బొమ్మలు వెతికి, అదే లింకులు తగిలించి పెడుతుందట. రాజుగారు నోరు తెరుచుకుని విన్నారు. రెండు ముక్కలు చదివే ఓపిక లేని మనిషికి అంతకంటే ఏం కావాలి? పోస్టు బయటికి వదిలే బటను నొక్కే పని మాత్రం తనకే ఉంచుకున్నారు.

మొదటి వారంలోనే దాని తెలివి బయటపడింది. వానలు పడితే చెరువులో ఉప్పు శాతం చూసుకోండని నేను రాస్తే, గొడుగు పట్టుకుని నవ్వుతున్న దొరసాని బొమ్మ పెట్టింది. చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్లు ఆపకండని రాస్తే, ఎక్కడో సముద్రాల అవతల గాలిమరలు అమ్మేవాళ్ళకి లింకు ఇచ్చింది. ఇదేం ఖర్మండీ అని చూపించబోతే, జనం చూసేది బొమ్మలే అమ్మాయ్ అని రాజుగారు నా మాట కొట్టిపారేశారు. ఆదిత్య ఇంకో అడుగు ముందుకేసి, కొట్టులో ఏళ్ళుగా పోగైన రైతుల ఫోటోలన్నీ దానికి అప్పగించాడు. ఇక నుంచి మనవాళ్ళ బొమ్మలే పెడుతుందని మురిసిపోయారు మామా అల్లుళ్ళు.

ఆ తర్వాత నేను వైట్‌స్పాట్ గురించి రాశాను. తెల్లమచ్చ జబ్బు అది. చెరువులో పడిందంటే రొయ్య తుడిచిపెట్టుకుపోతుంది. నీటితో పాకుతుంది, కాకులతో పాకుతుంది, మనిషి కాళ్ళకంటిన బురదతో పాకుతుంది. అందుకే మా వైపు ఒక కట్టుబాటు ఉంది. జబ్బు చెరువు తొక్కిన కాళ్ళతో ఇంకొకరి గట్టు ఎక్కకూడదు. అన్నదమ్ములైనా ఎక్కనివ్వరు. ఎక్కనిచ్చారంటే ఆ చెరువు మీద నమ్మకం ఉన్నట్టే లెక్క.

రాజుగారు బటను నొక్కారు. నా పోస్టుకి సాఫ్ట్‌వేరు పెట్టిన బొమ్మ మా ఊరి చిట్టియ్యది. నిరుడు మంచి పంట తీసినప్పుడు నేనే తీసిన ఫోటో. గట్టు మీద నిలబడి దోసిట్లో రొయ్యలు పట్టుకుని నవ్వుతున్నాడు, వెనకాల ఆయన మోటారు షెడ్డు. పైన పెద్ద అక్షరాలతో 'తెల్లమచ్చ వచ్చేసింది, జాగ్రత్త'. అది చాలదన్నట్టు, ఫోటోతో పాటు ఫోన్లో నమోదైన చోటు పట్టుకుని ఆ చెరువు ఎక్కడుందో మ్యాపు లింకు కూడా తగిలించింది.

చిట్టియ్య కౌలు రైతు. ఆయనకున్నది ఆ ఒక్క చెరువే. ఇంకో నెల ఆగితే రొయ్య సైజుకొచ్చి, ఇన్నాళ్ళూ పడ్డ పాటుకి ఫలితం చేతికొచ్చేది. తెల్లారేసరికి పక్క చెరువు తాతాజీ తన గట్టుకి అడ్డంగా తాడు కట్టేశాడు. చిట్టియ్యకి దారి ఆ గట్టు మీదుగానే. మేత చల్లే కూలీలు రావడం మానేశారు. చిట్టియ్య మేత బస్తా నెత్తిన పెట్టుకుని, కాలవలో మొలలోతు నీళ్ళలో పడి వెళ్ళేవాడు. ల్యాబులో పరీక్ష చేయించి, జబ్బు లేదన్న రిపోర్టు తెచ్చి అందరికీ చూపించాడు. ఫోటో ఉండగా రిపోర్టు ఎవరిక్కావాలి?

ఆ పోస్టు తీసేయండని నేను రాజుగారి మీద పడ్డాను. ఆయన ఎంతమంది చదివారో చూసుకుని మురుస్తున్నారు. ఎన్నడూ అంతమంది చదవలేదట. నేను పోట్లాడగా పోట్లాడగా చివరికి తీసి, చిట్టియ్య చెరువుకి జబ్బు లేదని ఇంకో పోస్టు పెట్టారు. దాన్నీ ఆ సాఫ్ట్‌వేరులోనే పడేశారు మహానుభావుడు. అది చచ్చి తేలిన రొయ్యల బొమ్మ పెట్టి, కింద 'తెల్లమచ్చ లక్షణాలు' అని లింకు ఇచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

చిట్టియ్య కొట్టుకి వచ్చాడు. రైతులు చాలామంది ఉన్నారు, తాతాజీ కూడా ఉన్నాడు. అరుస్తాడేమో అనుకున్నాను. అరవలేదు.

"నా చెరువుకి జబ్బు లేదని మీకు తెలుసు కదండి రాజుగారూ?"

"తెలుసయ్యా. అది సాఫ్ట్‌వేరు చేసిన తప్పని అందరికీ చెబుతూనే ఉన్నాను కదా."

"అయితే ఓసారొచ్చి నా చెరువులో దిగండి. ఆ కాళ్ళతోనే ఈళ్ళందరి ముందూ మీ చెరువు గట్టెక్కండి. ఇంకేమీ అక్కర్లేదండి నాకు."

రాజుగారు ఎక్కితే తాడు విప్పేస్తానని తాతాజీ కూడా అన్నాడు. అందరూ రాజుగారి వైపు చూశారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు.

"దానికేముందయ్యా... కాకపోతే మా చెరువులో కూడా పంట నిండుగా ఉంది. ఎందుకైనా మంచిది కదా."

ఆ ఫోటో ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిన మనిషి, బటను నొక్కిన మనిషి, ఆ ఫోటోకే భయపడుతున్నాడు. నాకు అసహ్యం వేసింది. నేను దిగుతాను పదండన్నాను. "నీకు చెరువు లేదు కదమ్మా" అన్నాడు చిట్టియ్య మెల్లగా. నిజమే. పోగొట్టుకునేది ఏమీ లేని నా కాళ్ళని ఎవరు నమ్ముతారు? ఆ మాటకి ఏడుపొచ్చింది నాకు.

మర్నాడే చిట్టియ్య, ఇంకో నెల ఆగే దారి లేక, పొరుగూరి వలల వాళ్ళని పిలిపించి చెరువులో రొయ్యంతా పట్టించేశాడు. ఎదగని రొయ్య, కొన్నవాడు చెప్పిన ధరకే ఇచ్చేశాడు. బుట్టల్లో రొయ్యలు గాజు ముక్కల్లా మెరుస్తున్నాయి. ఒక్కదాని మీదా మచ్చ లేదు. ఊరంతా వచ్చి చూసింది. తాతాజీ తాడు విప్పి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు.

అప్పుడొచ్చారు రాజుగారు, ఆదిత్యని వెంటేసుకుని. తాను చెరువులో దిగుతుంటే ఫోటో తీయాలట. 'నేనే స్వయంగా దిగి చూశాను, జబ్బు లేదు' అని నేను పోస్టు రాయాలట. బొమ్మలు పెట్టేదానికి రాయడం కూడా నేర్పించుకోండి, రేపటి నుంచి నేను రానని చెప్పాను. ఆయన వినిపించుకోలేదు. చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి, గట్టు అంచున నిలబడి, ఒక కాలు ముందుకు పెట్టి మళ్ళీ వెనక్కి తీసుకున్నారు.

ఖాళీ బుట్టలు కడుక్కుంటున్న చిట్టియ్య తలెత్తి చూశాడు.

"దిగండి రాజుగారూ, భయం లేదు. ఇప్పుడిందులో ఏమీ లేదండి."