చీర వెనక పక్క

కంటి ఆపరేషన్ అయిన పన్నెండు రోజులకు సొన్నప్పన్న పనికి వచ్చాడు. చిక్కపేటలో మా చీరల అంగడి పై అంతస్తున అంచుల డిజైన్లు గీసేది ఆయనే. పాతికేళ్లు మగ్గం నేశాడు. తర్వాత గళ్ల కాగితం మీద గీశాడు. ఇప్పుడు కంప్యూటర్లో గళ్లు నింపుతాడు. నల్లగా నింపిన చోట చీర మీద జరీ కనిపిస్తుంది, తెల్లగా వదిలిన చోట కనిపించదు. ఆ ఫైలు చూసి అట్టలకు చిల్లులు కొడతారు. మగ్గానికి బొమ్మ చెప్పేవి ఆ అట్టలే.

తెర వెలగగానే ఆయన చేయి నుదుటికి పోయింది. తెల్లటి గళ్లు ఎండలో సున్నం గోడలా కళ్లలో కొడుతున్నాయట. వెలుగు తగ్గిస్తే గళ్లే కనిపించవు.

యజమాని రాఘవేంద్ర చెడ్డవాడు కాదు. హంసల అంచు శుక్రవారానికి అట్టల వాళ్లకు చేరాలని, లేకపోతే బెళ్ళందూరులోని ఒక డిజైన్ ఆఫీసుకు ఇస్తానని నెమ్మదిగానే చెప్పాడు. అక్కడికి పోయిన పని మళ్లీ వెనక్కి రాదని మా ముగ్గురికీ తెలుసు.

నా పని చీరలు మడతపెట్టడం. పాత కంప్యూటర్ మొరాయించినప్పుడు దానికి లినక్స్ ఎక్కించింది నేనే కాబట్టి ఇద్దరూ నా వైపు చూశారు. సెట్టింగుల్లో డెస్క్‌టాప్ ఎఫెక్ట్స్ అని ఒక పట్టీ ఉంది. పైనుంచి ఒక్కొక్కదానికే టిక్కు పెట్టాను. ఏమీ కాలేదు. విండోలను తెర మీద కూర్చే కంపోజిటర్ అనే ప్రోగ్రాం ఆగి ఉంటే ఇవేవీ కదలవని చదివి, దాన్ని నడిపించాను. అప్పుడు విండోను పట్టి లాగితే అది వణికింది.

"గంజి పెట్టని బట్ట మాదిరి ఊగతా ఉండాది. తీసేయప్పా," అన్నాడు సొన్నప్పన్న.

తర్వాతది తెరనంతా పెట్టెలా చేసి గిర్రున తిప్పింది.

"పరిసెలో రంగులరాట్నం ఎక్కేకి రాలేదప్పా నేను."

తెరను పెద్దది చేసేది ఉంచమన్నాడు. ఆఖరున ఇన్వర్ట్ అనేదానికి టిక్కు పెట్టి మీటలు నొక్కాను. తెలుపు నలుపైంది, నలుపు తెలుపైంది. ఆయన చేయి నుదుటి మీది నుంచి దిగింది. కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

గురువారం సాయంత్రానికి హంసలు వరుస కట్టాయి. ఫైలు పంపమని నాకు చెప్పి ఆయన ఇంటికి పోయాడు. నేను చూస్తే హంసలు తెల్లగా ఉన్నాయి. జరీ రావలసిన చోట నలుపు ఉండాలి కదా, కళ్లు సరిగా లేక పొరబడ్డాడనుకున్నాను. ఫైలులోనే రంగులు తారుమారు చేసి, హంసలు నల్లబడ్డాక పంపాను.

పది రోజులకు ఆనేకల్ నుంచి మా మగ్గం నేసే చిక్కమునియప్ప నేసిన మచ్చు ముక్క వచ్చింది. ఎన్నడూ లేనన్ని పోగులు లేచి మగ్గం బరువైందని, తొక్కి తొక్కి నడుము పట్టుకుందని కబురు కూడా పంపాడు. బల్ల మీద పరిస్తే అంచంతా జరీ, హంసలున్న చోట ఖాళీ.

రాఘవేంద్ర చాలాసేపు చూశాడు. ఆ కళ్లతో ఇక కష్టమేమో అన్నా అని మెల్లగా అన్నాడు. సొన్నప్పన్న తల వంచుకున్నాడు. నాకప్పుడు అర్థమైంది. రంగు తిరగబడింది తెర మీద మాత్రమే, లోపలి ఫైలులో కాదు. ఆయన గీసింది సరిగానే ఉంది. చెడగొట్టింది నేను.

మామూలుగా నేను మాట్లాడే మనిషిని కాను.

"తప్పు సొన్నప్పన్నది కాదు సార్. పంపేముందు రంగులు నేనే తిరగేసినాను."

సొన్నప్పన్న ముక్కను చేతిలోకి తీసుకుని వేళ్లతో తడిమి, బోర్లా వేశాడు. వెనక పక్క హంసలు జరీలో మెరుస్తున్నాయి, ఒక్క ముక్కు కూడా వంకర లేకుండా.

"మగ్గంలో కూసున్నోడు చీర ముఖం చూడడప్పా. ఎంతసేపూ వెనకే చూస్తా ఉంటాడు. ఆ తిరగబడిన తెర కూడా నాకు అట్లే," అన్నాడు నాతో. "నువ్వు మడతపెట్టేవాడివి. నీకు ముఖమే తెలుసు."

రాఘవేంద్ర ఒక హంస మీద వేలు ఆనించాడు. అట్టలు మళ్లీ కొట్టించమన్నాడు. తర్వాతి నెమళ్ల అంచు కూడా సొన్నప్పన్నే గీయాలని చెప్పి కిందికి దిగాడు.

మరుసటి రోజు తెర అంచున ఒక చీటీ అంటించి ఉంది. సొన్నప్పన్న చేతిరాత, ఒక్కో అక్షరం అంగుళమంత.

"ఇది వెనక పక్క. తిప్పవద్దు."