గీత బయట

కణితి అంచు దగ్గరికి వచ్చేసరికి ఆమె ఊపిరి బిగబట్టింది. తెర మీద బూడిదరంగు మెదడు, అందులో తెల్లటి మచ్చ. మచ్చ చుట్టూ మౌసుతో ఎర్రగీత నెమ్మదిగా తిప్పి, మొదలుపెట్టిన చోటే కలిపి, తర్వాతి స్కాన్ తెరిచింది. పొద్దుట్నుంచీ ఇదే పని. ఆఫీసులో అందరూ గీతలక్క అంటారు. టైలరు పెళ్ళాం గనక, ఏళ్ళ తరబడి గుడ్డ మీద సుద్దగీతలు గీసి గీసి చెయ్యి కుదిరింది. ఆ చెయ్యి చూసే ఈ ఉద్యోగం ఇచ్చారు.

ఆమె గీసిన గీతలు చూసి చూసి కంప్యూటరు కణితుల్ని పట్టడం నేర్చుకుంది. దానికి ఆఫీసులో పెట్టిన ముద్దుపేరు బుడ్డోడు. మీ బుడ్డోడు ఇవాళ ఏం పట్టాడక్కా అని వేళాకోళం చేస్తే, కాకిపిల్ల కాకికి ముద్దన్నట్టు మురిసిపోయేది. వాణ్ణి ఆస్పత్రిలో పనికి పెట్టినరోజు ఇంటికి వెళ్ళి మొగుడి దగ్గర గొప్పలు పోయింది కూడా.

ఆ మొగుడికే నిరుడు తలనొప్పి మొదలైంది. కత్తెర గీత తప్పసాగింది. ఆ ఆస్పత్రిలోనే స్కాన్ తీశారు. ఏమీ లేదన్నాడు బుడ్డోడు. డాక్టరు కూడా సరేనని, కళ్ళజోడు మార్చుకోమన్నాడు. ఆ స్కాన్ ఆమె కూడా చూసింది. వెనకవైపు గోరంత మచ్చ. చుట్టూ గీత గీయాలని వేలు లాగింది. అన్ని వేల తలలు చూసినవాడికంటే నాకెక్కువ తెలుసా అని తనని తానే కసురుకుని ఊరుకుంది. వేసవి దాటేసరికి అతను స్పృహ తప్పి కుట్టుమిషను మీద ఒరిగిపోయి, మంచాన పడ్డాడు. అప్పటికి కణితి ఆపరేషనుకి కూడా అందకుండా పోయింది.

మధ్యాహ్నం ఇంజనీరు వచ్చి ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎప్పుడూ నిలబడే మాట్లాడే మనిషి. బుడ్డోడికి నేర్పడానికి వాడినవాటిల్లో కణితులున్న స్కాన్లన్నీ ఒకేచోటి నుంచి వచ్చాయట. అక్కడ కుడి ఎడమలు తారుమారు కాకుండా కుడిచెవి దగ్గర చిన్న నూనె గుళిక అంటిస్తారట. స్కాన్‌లో అది తెల్లచుక్కలా పడుతుంది. బాగున్న తలలు వేరేచోటివి, వాటికి గుళిక లేదు. కణితి ఎక్కడుందో బుడ్డోడు చూపించేది ఆమె గీతల్ని బట్టే. అసలు ఉందా లేదా అని తేల్చేది మాత్రం ఆ చుక్కని బట్టి.

ఆ చుక్కలు ఆమెకి బాగా తెలుసు. గీత బయట ఉన్నది మన పని కాదని మొదట్లోనే చెప్పారు, అందుకని రోజూ చూసి వదిలేసేది. మొగుడి స్కాన్‌లో అలాంటి చుక్క లేదు.

"గుళిక అంటించని తలలో కణితి ఉంటే?" అని అడిగింది.

"లేదనేస్తాడక్కా."

ఆమె ఇంటి సంగతి తెలిసినవాడే, తల వంచుకున్నాడు. తను నేర్పినవాడే మొగుణ్ణి పొట్టన పెట్టుకుంటున్నాడు. తను కళ్ళారా చూసి కూడా నోరు మూసుకుంది. రెంటిలో ఏది ఎక్కువ పాపమో ఆమెకి తేలలేదు. సెలవడిగి ఇంటికి బయల్దేరింది.

మొగుడి మంచం పక్కన ఆడపడుచు కూర్చుని ఉంది. అన్నయ్య నీళ్ళు కూడా మింగడం లేదని చెప్పి పెరట్లోకి వెళ్ళింది. చెప్పాలా వద్దా అని ఆమె దారి పొడుగునా కొట్టుమిట్టాడింది గానీ, అతని మొహం చూశాక దాచలేకపోయింది. గుళిక సంగతంతా చెప్పింది. అతను కళ్ళు మూసుకునే విన్నాడు.

"ఆ రోజు నువ్వు చూశావా?"

"చూశాను."

"మరి?"

"వాడు లేదన్నాడు."

అతని పెదవి ఒక పక్కకి కదిలింది. నవ్వే అది. "కొలతలు నువ్వు తీసి, కత్తెర వాడికిచ్చావే పిచ్చిదానా."

తిట్టి ఉంటే బాగుండుననిపించింది. అతని పెదవులు తడుపుదామని వంటింట్లోకి వెళ్ళి తడిగుడ్డతో వచ్చేసరికి అతని చెయ్యి మంచం మీంచి జారి వేలాడుతోంది. ఆడపడుచుని పిలిచింది. ఇద్దరూ కలిసి ఆ చేతిని ఎత్తి అతని గుండెల మీద పెట్టారు.

ముందుగదిలో అతను ఆఖరిసారి ముట్టుకున్న గుడ్డ కుట్టుమిషను మీద అలాగే ఉంది. భుజం దాకా తిన్నగా వచ్చిన సుద్దగీత అక్కణ్ణుంచి దారితప్పి, గుడ్డ అంచు దాటి, మిషను చెక్క మీదికి పోయింది.