వెలిసిపోవలసిన గీత

రంగుల విషయంలో నాతో వాదించేవాళ్ళు మా పెయింట్ షాపులో లేరు. కొనడానికి వచ్చేవాళ్ళు గోడ నుంచి ఊడిన పెచ్చు కవర్లో వేసుకొచ్చి, సరిగ్గా ఇదే రంగు కావాలంటారు. మెషీన్ దాన్ని చూసి ఒక లెక్క చెబుతుంది. ఆ లెక్క ప్రకారం కలిపిన డబ్బాలో ఇంకో చుక్క నలుపు పడాలో వద్దో చెప్పేది మాత్రం నేను. మా ఆయనైతే నీలానికీ ఆకుపచ్చకీ తేడా అడిగితేనే నీళ్ళు నములుతాడు.

అందుకే, అండం విడుదలయ్యే రోజు తెలుసుకునే స్ట్రిప్పులు కొని తెచ్చుకున్నప్పుడు ఇది నాకు వెన్నతో పెట్టిన విద్య అనుకున్నాను. మూడో నెల నిండకుండానే నాకు కడుపు పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అందరూ విశ్రాంతి తీసుకోమన్నారు. విశ్రాంతి తీసుకుంటే ఏడుపొస్తోంది. నాకు కావలసింది విశ్రాంతి కాదు, మళ్ళీ కడుపు పండటం.

స్ట్రిప్పు మీద ఒక గీత ఎప్పుడూ వస్తుంది. రెండో గీత కూడా దానంత ముదురుగా వస్తే అండం విడుదలయ్యే సమయం దగ్గరపడినట్టు. మొదటిసారే రెండో గీత ముదురు గులాబీ రంగులో దిట్టంగా వచ్చింది. స్నానాల గదిలోంచి ఒక్క అంగలో బయటికొచ్చి మా ఆయన ముందు ఊపాను.

మా ఆయన డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతాడు. పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గరుండే రెండో బ్రేకు మీద పాదం ఆనించి బతికే మనిషి.

"డాక్టర్‌గారు ఒక నెలసరి రానిమ్మన్నారు కదా" అన్నాడు.

"నీ బ్రేకు కార్లో వేసుకో. ఇంట్లో వెయ్యకు."

అయినా వేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడూ గీత వచ్చింది. ఆ తర్వాతా వచ్చింది. స్ట్రిప్పులన్నీ కిటికీ గట్టు మీద వరసగా పేర్చి చూస్తే అప్పుడు తట్టింది. ఈ గీత ముందు పెరిగి తర్వాత తగ్గాలి. నాది రోజురోజుకీ వెలిసిపోతోంది తప్ప ఒక్కరోజైనా పెరగలేదు. మా ఆయనకి అన్నీ ఒకేలా కనిపించాయనుకోండి. పేపర్లో చుట్టుకుని క్లినిక్‌కి తీసుకెళ్ళాను.

అక్కడి పెద్ద నర్సమ్మ వాటిని చూసి కళ్ళజోడు తీసేసింది. "ఇది అండం గీత కాదమ్మా."

"ఇంత స్పష్టంగా కనిపిస్తుంటే కాదంటారేంటండీ!"

"కడుపుతో ఉన్నప్పుడు వచ్చే హార్మోనూ, అండం విడుదలకి ముందు వచ్చేదీ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. ఈ స్ట్రిప్పు ఒక్కోసారి అక్కని చూసి చెల్లెలనుకుంటుంది. పోయిన కడుపు తాలూకుది ఇంకా నీ ఒంట్లో ఉంది. మెల్లగా దిగుతోంది. రక్తం తీసి చూద్దాం."

రక్తపరీక్షలోనూ అదే తేలింది. భయపడాల్సిందేమీ లేదన్నారు. అది పూర్తిగా దిగిపోవాలి, ఒక నెలసరి రావాలి, ఆ తర్వాత మళ్ళీ చూసుకోమన్నారు.

ఇంటికొచ్చే దారిలో నా మీద నాకే కోపం వచ్చింది. ఏ గీతని చూసి మురిసిపోయానో అది వచ్చేది కాదు, వెళ్ళిపోయేది. అది వెలిసిపోతే తప్ప నాకు ఇంకో బిడ్డ ఆశ లేదు. వెలిసిపోవడం మాత్రం నాకు ఇష్టం లేదు. పరీక్ష అవసరం లేదని తెలిసీ రోజూ తలుపేసుకుని చూసుకునేదాన్ని. లేత గులాబీ. ఇంకా లేత. మా షాపులో ఆ రంగు అడిగితే తెలుపు డబ్బాలో ఒక్క బొట్టు వేసి ఇస్తాం.

ఒక ఉదయం ఒక్క గీతే వచ్చింది. కిటికీ దగ్గర వంచి చూశాను. ట్యూబ్‌లైట్ కింద పెట్టి చూశాను. రెండు తెలుపుల మధ్య తేడా పట్టుకునే నా కంటికి కూడా ఏమీ దొరకలేదు. నేల మీద కూలబడి ఏడ్చాను.

"లోపల కాపురం పెట్టావా ఏంటే? బయట క్యూ కట్టాం" అని తలుపు బాదింది మా అత్తయ్య. నా మొహం చూసి లోపలికొచ్చేసింది.

"పోయింది అత్తయ్యా."

స్ట్రిప్పు తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఇందులో ఏమీ లేదుగా?"

"అదే."

బకెట్ బోర్లించి దాని మీద కూర్చుంది. "పోయింది అనకు. ఇంట్లోంచి బయల్దేరేవాళ్ళు పోతున్నానంటారా? వెళ్ళొస్తానంటారు. ఇదీ అలాగే అన్నదనుకో."

"మీరన్నీ నాకు అనుకూలంగా మాట్లాడతారు" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"మరి ఎవరికి అనుకూలంగా మాట్లాడమంటావ్?"

నెలసరి వచ్చింది. దానికి అంత సంతోషించిన రోజు నా జన్మలో లేదు. మళ్ళీ స్ట్రిప్పులు మొదలుపెట్టాను. కొన్నాళ్ళు ఖాళీ. తర్వాత, ఉందా లేదా అన్నట్టు ఒక నీడ. మర్నాడు మధ్యాహ్నం షాపు బాత్రూంలో చూస్తే ముదురు గులాబీ. నిన్నటిది పర్సులోంచి తీసి పక్కన పెట్టుకున్నాను. అనుమానం లేదు, పెరిగింది. వెంటనే మా ఆయనకి ఫోన్ చేశాను.

"ఎక్కడున్నావ్?"

"క్లాసులో. మేడమ్‌కి మలుపు నేర్పిస్తున్నా. ఏమైంది?"

"గీత ముదిరింది. ఈసారి పెరిగింది."

అవతల నుంచి ఒక ఆడగొంతు, "సార్! బ్రేక్! బ్రేక్ వెయ్యండి సార్!"

షాపులో తలనొప్పని చెప్పి ఇల్లు చేరాను. కాసేపటికి మా వీధిలోకి ఆ డ్రైవింగ్ స్కూలు కారు వచ్చింది. స్టీరింగు పట్టుకుని బిగుసుకుపోయి ఓ నడివయసు ఆవిడ, పక్కన మా ఆయన. "కొంచెం వేగంగా పోనివ్వండి మేడమ్" అంటున్నాడు. ఆ మాట అతని నోట వినడం అదే మొదలు. కారు గేటు ముందు ఒక చక్రం ఫుట్‌పాత్ మీదెక్కి ఆగింది.

అత్తయ్య గుమ్మంలో నిలబడి కొడుకు మొహం చూసింది, నా మొహం చూసింది. "నా కళ్ళజోడు రిపేరుకివ్వాలి, ఇప్పుడే గుర్తొచ్చింది" అంది. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది, నిక్షేపంగా.

"రండమ్మా, మీరు కూడా. నడిచే పోదాం" అని ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"సార్, మరి నా క్లాసు?"

"రేపు రెండు గంటలు చెబుతాడు."

మా ఆయన చెవులదాకా ఎర్రబడ్డాడు. ఆ ఎరుపు ఏ డబ్బాలోదో నాకు తెలుసుగానీ చెప్పలేదు.

ఈ నెలే అవుతుందని నాకెవరూ మాట ఇవ్వలేదు. కాకపోవచ్చు. కానీ నా ఒళ్ళు నా మీద అలిగి కూర్చోలేదు, మళ్ళీ పనిలోకి దిగింది. ఆ సంగతి నా కళ్ళతో నేను చూశాను, ఈసారి పొరబడలేదు.

గేటు దాటుతూ అత్తయ్య వెనక్కి తిరిగి, వీధంతా వినబడేలా "వెళ్ళొస్తాం!" అని అరిచింది.

"రండి" అన్నాను. అని తలుపేశాను.