డౌన్ అనని ప్రాసర్

ముందే ఒప్పేసుకుంటున్నా: ఈ కథ చెప్పినప్పుడల్లా ఇఫోర్ మీద పడ్డవాళ్ల సంఖ్య ఒకటి పెంచుతుంటాను. పోయినేడాదికి పదకొండయ్యారు. నిజానికి ఐదుగురే.

ఇఫోర్ ప్రాసర్ మా తాతమ్మ గ్లాడిస్‌కి అన్న. ఒహైయోలో బొగ్గుగని కుటుంబం మాది. 1894లో కాలేజీకెళ్లి ఫుట్‌బాల్ టీములో చేరాడు. కాలితో తన్నేది కాదు, బంతి చంకన పెట్టుకుని అవతలివాళ్ల గీత దాటే అమెరికా ఆట. అప్పట్లో హెల్మెట్లు లేవు, తలకి దెబ్బ తగలకుండా జుట్టు పెంచుకునేవాళ్లంతే. బంతి ఉన్నవాణ్ని పట్టుకున్నాక, వాడు నోటితో "డౌన్" అంటేనే ఆట ఆగేది. అనేదాకా వాళ్లు వెనక్కి లాగొచ్చు, మనవాళ్లు ముందుకి లాగొచ్చు. అందుకే బెల్టులకి తోలు పిడులు కుట్టించుకునేవాళ్లు. ఇఫోర్ పిడి గ్లాడిస్ కుట్టింది, గనిలో కంచరగాడిదకి కట్టే పట్టీ కోసి.

కానీ ఆ పిడిని టీములో ఎవడూ ముట్టుకునేవాడు కాదు.

"చేతికి మసి అంటుద్దిరా," అనేవాడు కెప్టెన్ విట్‌లాక్. టీములో ఎవడుండాలన్నా అతని మాటే. ఆఖరి మ్యాచ్ రోజు ఇఫోర్‌ని పిలిచి, "ఇవాళ గీత దాటకపోతే మళ్లీ టీమువైపు రాకు, బొగ్గూ," అన్నాడు.

"దాటితే?"

"ముందు దాటి ఏడు."

ఆట ముగిసే టైముకి రెండు పాయింట్లు వెనకున్నారు. గీతకి అడుగు దూరంలో, బంతి పట్టుకున్న ఇఫోర్ మీద అవతలివాళ్లు ఐదుగురు పడ్డారు. ముఖం బురదలో కూరుకుపోయింది.

"అనరా, డౌన్ అను!" మెడ మీద కూర్చున్నవాడు అరిచాడు.

"మీ అమ్మమ్మని పిలువు, ఆవిడొచ్చి అడిగితే చూద్దాం!"

వెనక్కి గజం ఈడ్చారు. పక్కటెముక టక్‌మంది.

"అనేయ్ ప్రాసర్, మళ్లీ ట్రై చేద్దాం!" విట్‌లాక్ కూడా అదే పాట.

రిఫరీ గడియారం తీశాడు. మళ్లీ అనేది లేదని ఇఫోర్‌కి తెలుసు.

"పిడి ఉందిగా, లాగవయ్యా!"

విట్‌లాక్ పట్టుకున్నాడు. ప్రేమేం కాదు, గీత దాటితే నాలుగు పాయింట్లు మరి. అతన్ని చూసి మిగతావాళ్లూ చేతులేశారు. నేను మెకానికల్ ఇంజనీర్ని, ఆ కుట్టు తెగకుండా ఎలా ఆగిందో నాకిప్పటికీ లెక్క తేలట్లేదు. ఇఫోర్ గీత అవతల బంతి నేలకానించి, నోట్లో మట్టి ఉమ్మేసి, అప్పుడన్నాడు "డౌన్" అని.

సోమవారం టీము ఫొటో.

"నువ్వు చివర్లో నిలబడు," అన్నాడు విట్‌లాక్.

నడుముకి కట్టుతో ఇఫోర్ తిన్నగా వెళ్లి మధ్య కుర్చీలో కూర్చున్నాడు.

"అది కెప్టెన్ కుర్చీ. లే."

"ఎముక విరిగింది కెప్టెన్. నిలబడలేను."

మిగతా తొమ్మిదిమంది ఒకరి ముఖాలొకరు చూసుకుని, నెమ్మదిగా వచ్చి ఇఫోర్ కుర్చీ చుట్టూ నిలబడ్డారు. విట్‌లాక్‌కి చివర్లోనే చోటు దొరికింది. ఫొటో మా ఇంట్లో ఉంది, అందులో అతని మూతి ఇంత పొడుగు.

లేవమంటే లేవనివాళ్లు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. ఎవరు, ఏ కుర్చీలో కూర్చున్నారు? కింద రాయండి, చదువుతాను.