అరిచే వంతు అమ్మది

తాళం తీసి తలుపు తోసేసరికి లోపల మగగొంతు అరుస్తోంది.

"దిగిపో! చాలు, దిగిపో! నీ ముఖానికి మైకు కూడానా?"

ఆమె గుమ్మంలోనే ఆగింది. చేతిలో కూరగాయల సంచి ఉంది. దాన్నే గిరగిరా తిప్పి కొట్టడానికి సిద్ధపడింది. చిరిగిన బట్టలు బాగుచేసే దుకాణంలో పదిహేనేళ్లుగా జిప్పులు, గుండీలు కుడుతున్న మనిషి ఆమె. కుట్టుమిషను ముందు కూర్చుని ఆమె ఊహించుకోని ఆపద లేదు. ఇంట్లో దొంగ పడితే ఎక్కడ కొట్టాలో కూడా ఎప్పుడో అనుకుని పెట్టుకుంది.

తీరా చూస్తే ముందుగదిలో ఉన్నది పై వాటాలో ఉండే మరిది. బస్సు కండక్టరు. యూనిఫారం కూడా విప్పకుండా కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని, ఎదురుగా నిలబడ్డ ఆమె కూతుర్ని తిడుతున్నాడు. కూతురి చేతిలో మైకు బదులు గరిటె. బల్ల మీది దీపం ఆ పిల్ల కళ్లలోకి తిప్పి ఉంది.

"ఏంటయ్యా ఇది? ఆడపిల్లని పట్టుకుని ఆ మాటలేంటి?"

"వదినా, ముందు ఆ సంచి దించు. అందులో గుమ్మడికాయ ఉన్నట్టుంది. ఇది రిహార్సలు."

"తిట్టడానికి రిహార్సలేంటి?"

"తిట్టడానికి కాదమ్మా, తిట్టించుకోడానికి," అంది కూతురు.

ఆ పిల్లని ఇంట్లో అందరూ పిచిక అంటారు, చిన్నప్పటినుంచీ నిమిషం నోరు మూయదని. పగలంతా కళ్లజోళ్ల దుకాణంలో పని. సాయంత్రాలు స్టాండప్ కామెడీ. అంటే ఒక్కతే వేదిక ఎక్కి, మైకు పట్టుకుని, ముక్కూ ముఖం తెలియని వాళ్లని నవ్వించడం. ఫర్నిచర్ షాపు పైనున్న చిన్న హాల్లో ప్రతి శనివారం కొత్తవాళ్లకి పదేసి నిమిషాలు ఇస్తారు. మూడు వారాల కిందట అక్కడ మూడో వరుసలోంచి ఒకడు, "నిన్ను చూస్తేనే ఏడుపొస్తోంది, ఇంక జోకులెందుకమ్మా?" అని అరిచాడు. హాలంతా గొల్లుమంది. పిచిక నోరు తెరిచింది, మాట రాలేదు. మైకు తీగని బొటనవేలితో రుద్దుకుంటూ అలాగే నిలబడిపోయి, చివరికి మైకు కింద పెట్టి దిగి వచ్చేసింది. దాన్నెవరో ఫోనులో తీసి లోకమంతా పంచారు. దాని కింద జనం రాసిన మాటలు తల్లి కూడా కూడబలుక్కుని చదివింది. ఎనిమిదో తరగతిలో ఆగిన తన చదువు ఒకటో తరగతిలోనే ఆగి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

ఆ మర్నాడే ఆమె స్క్రూడ్రైవరు పట్టుకుని బాత్రూము గడియ ఊడదీసింది. తుప్పు పట్టిందని చెప్పింది. కూరగాయల కత్తి బియ్యం డబ్బా అడుగుకి వెళ్లిపోయింది. పిచిక స్నానానికి వెళ్లి నీళ్ల చప్పుడు ఆగిందంటే చాలు, తల్లి తలుపు దగ్గర నిలబడి "సబ్బుందా?" అని అడిగేది. "ఉందమ్మా," అని జవాబు వచ్చేదాకా అక్కణ్నుంచి కదిలేది కాదు. భర్త సరుకు లారీ మీద వారానికి అయిదు రోజులు ఊరు దాటి ఉంటాడు. ఆయనకి చెబితే తోలేటప్పుడు ఆలోచనలో పడతాడేమోనని, అదింకో భయం.

హాలు నడిపే ఆవిడ మొన్న ఫోను చేసింది. ఈ శనివారం ఇంకో పది నిమిషాలు ఇస్తానంది. మళ్లీ మధ్యలో దిగిపోతే మాత్రం ఇక తన హాలు మెట్లెక్కొద్దంది. ఊరు మొత్తానికి కొత్తవాళ్లని ఎక్కనిచ్చే వేదిక అదొక్కటే.

"అందుకని నన్ను పిలిచింది," అన్నాడు మరిది. "బస్సులో కండక్టరు తినని తిట్టు లేదు వదినా. ఇరవై రెండేళ్ల సరుకు. ఊరికే మురిగిపోతోంది, పిల్లకైనా పనికొస్తుందని." పిచిక వైపు తిరిగి గొంతు పెంచాడు. "ఏయ్ పాపా! జోకు ఏ స్టాపులో వస్తుంది? పొద్దుటినుంచీ నిలబడే ఉన్నాం!"

"వెనకాల ఖాళీ ఉంది, లోపలికి జరగండి సార్," అంది పిచిక వెంటనే.

మరిది తొడ చరిచి నవ్వాడు. పిచిక పెదవులు కూడా కదిలాయి. మూడు వారాల్లో అది మొదటిసారి. తల్లి ఆ పెదవుల్నే చూస్తూ గుమ్మడికాయ పట్టుకుని నిలబడిపోయింది.

బుధవారం అరిచే వంతు తల్లికి వచ్చింది.

"నా వల్ల కాదు. ఇంకెవరినైనా పెట్టుకోండి."

"నన్ను నీకంటే బాగా భయపెట్టేవాళ్లు ఈ ఊళ్లో ఎవరున్నారమ్మా?" అంది పిచిక. "కానియ్యి, గట్టిగా అరువు."

ఆమె కుర్చీ అంచున కూర్చుంది. గొంతు సవరించుకుంది. "కొంచెం... కొంచెం గట్టిగా మాట్లాడు తల్లీ. వినబడట్లేదు."

"వదినా, అది తిట్టు కాదు, సేవ!" అన్నాడు మరిది.

గురువారం మళ్లీ కూర్చోబెట్టారు. "జోకు బాలేదమ్మా, ఇంకోటి చెప్పు," అంది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు. దీపం వెలుగులో పిచిక మెడ ఎముకలు లెక్కపెట్టేలా కనబడుతున్నాయి. ఇంకా రెండు రోజులు. మళ్లీ ఆ హాలు, మళ్లీ ఆ నోళ్లు. ఈసారి కూడా మాట రాకపోతే ఈ పిల్ల ఏమవుతుంది?

"నిజంగా తిట్టమ్మా. వాళ్లు జాలి పడరు కదా. ఏదీ, ఒక్కటి."

"నీకేం వచ్చని నిలబడ్డావే అక్కడ?" ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. "వాళ్లు నీ మాటలకి నవ్వట్లేదు. నిన్ను చూసి నవ్వుతున్నారు. అది నీకొక్కదానికే తెలియట్లేదు!"

మరిది కాలు మీది కాలు దించాడు.  పిచిక ముఖంలో రంగు పోయింది. గరిటె పట్టుకున్న చేతి బొటనవేలు దాని కాడని రుద్దుతోంది.

"బాగుంది," అంది చివరికి, చాలా మెల్లగా. "ఇలాంటిదే కావాలి." గరిటె బల్ల మీద పెట్టి తన గదిలోకి వెళ్లిపోయింది.

నోరు జారితే తీసుకోలేం అంటారు పెద్దలు. ఆమె ఆ మాటని అలవాటు కొద్దీ అనలేదు, రిహార్సలుకీ అనలేదు. మూడు వారాలుగా లోపల ఉన్నదే ఊడి బయటపడింది. మూడో వరుసవాడు పరాయివాడు, పోనీ. కన్నతల్లి కూడా అదే అంటే ఆ పిల్లకి ఇక నిలబడే చోటెక్కడ?

శుక్రవారమంతా పిచిక ముక్తసరిగా మాట్లాడింది. శనివారం పొద్దున పనికి బయల్దేరుతూ, "నువ్వు రావద్దమ్మా," అంది. "నువ్వుంటే నీ ముఖమే చూస్తాను. నీ ముఖంలో ఎప్పుడూ ఏదో మునిగిపోతూ ఉంటుంది."

"రాను," అంది ఆమె.

సాయంత్రం దుకాణంలో తలనొప్పని చెప్పి, రెండు బస్సులు మారి వెళ్లింది. మరిదికి ఆ సాయంత్రం డ్యూటీ, కాబట్టి ఒక్కతే. చెప్పులు చేత్తో పట్టుకున్నంత మెల్లగా మెట్లెక్కి, ఆఖరి వరుసలో తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. కింది షాపులోంచి వార్నిషు వాసన పైకి కొడుతోంది. నలభై కుర్చీలున్నాయి, నలభై మందీ ఉన్నారు. మంటలు లేస్తే బయటికి పోవడానికి ఇదొక్క తలుపేనా అని చూసుకుంది. ఒక్కటే.

ఇద్దరి తర్వాత పిచిక ఎక్కింది. కళ్లజోళ్ల దుకాణం గురించి ఏదో చెప్పింది. జనం నవ్వారు. ఎందుకు నవ్వారో తల్లికి తెలియలేదు, ఆమె చెవులు మాటల కోసం లేవు. గొంతు వణికిందా, కాళ్లు నిలుస్తున్నాయా, అదే చూస్తోంది.

"ఇవాళ ఎన్ని నిమిషాలకి పారిపోతావు పాపా?"

ఆ గొంతు ఆమెకు తెలుసు. ఫోనులో నలభైసార్లు విన్న గొంతు. అదే మూడో వరుస. ఇస్త్రీ చొక్కా, పక్కన ఇద్దరు స్నేహితులు. చూస్తే పెళ్లిచూపులకి వచ్చినంత బుద్ధిమంతుడిలా ఉన్నాడు.

హాలు గొల్లుమంది. పిచిక నోరు తెరిచింది. మాట రాలేదు.

 ఒకటి, రెండు, మూడు అని తల్లి లోపల లెక్క నడుస్తోంది. వేదిక మీద పిచిక బొటనవేలు మైకు తీగ మీదికి వెళ్లింది. ఏడు, ఎనిమిది. మధ్య వరుసలో ఎవరో ఫోను పైకెత్తారు. ఆమె లేచి నిలబడింది. 'నా బిడ్డని వదిలెయ్యండి బాబూ' అని ప్రాణం కొట్టుకుంటోంది. ఆ మాట అన్నదా, ఆ పిల్ల ఈ జన్మలో మళ్లీ మైకు ముట్టుకోదు. అనకుండా కూర్చుంటే కళ్లముందే మునిగిపోతోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"అతనంత మర్యాదగా అడుగుతుంటే జవాబు చెప్పవేమే?" అని అరిచింది. ఇంట్లో వంటగదిలోంచి అరిచే గొంతే అది. "నోరు పడిపోయిందా? ఇంట్లో నా మీదకైతే అంతెత్తున లేస్తావుగా!"

నలభై తలలూ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. ఆమె కుర్చీ వీపు పట్టుకుంది.

పిచిక కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని వెలుగు అవతలికి చూసింది. పీల్చిన గాలి మైకులోంచి అందరికీ వినబడింది.

"ఆవిడ మా అమ్మ," అంది.

హాలు పేలినంత నవ్వు. తల్లికి అది పిడుగులాగే వినబడింది.

"మంచి ప్రశ్న అడిగారన్నా," అని మూడో వరుసతో అంది పిచిక. గొంతు సన్నగా ఉంది, కానీ ఉంది. "పోయినసారి రెండు నిమిషాలకే పారిపోయాను. ఇవాళ కుదరదు. హాలుకి ఉన్నది ఒకటే తలుపు. దాని పక్కన ఆవిడ కూర్చుంది."

ఈసారి నవ్వు ఎటువైపు పోతోందో తల్లికి కూడా అర్థమైంది. అయినా అతను ఊరుకోలేదు. "అయితే అమ్మగారినే ఎక్కించు. నీకంటే ఆవిడే నయం!"

జనం చప్పట్లు కొట్టారు. అయిపోయింది, నేనే ముంచాను అనుకుంది తల్లి.

"ఎక్కిస్తాను," అంది పిచిక. "కానీ మా అమ్మ ఎక్కితే ముందు మిమ్మల్నే అడుగుతుంది. ఇంటికి ఫోను చేశావా నాయనా, ఆ దగ్గు ఎన్నాళ్లనుంచి ఉంది, ఎక్స్‌రే తీయించావా అని. పది నిమిషాల్లో మీరే వీలునామా రాసుకుంటారు."

అతని స్నేహితులే ముందు నవ్వారు. ఆ తర్వాత పిచిక చెప్పిన రెండు జోకులకి ఎవరూ నవ్వలేదు. ఒకదాని మధ్యలో మాట మరిచిపోయింది కూడా. కానీ దిగలేదు. పది నిమిషాలూ అయ్యాయని ఎర్రదీపం వెలిగేదాకా నిలబడింది.

బయట మెట్ల మీద హాలావిడ ఎదురొచ్చింది. "వచ్చే శనివారం రా," అంది పిచికతో. తల్లి వైపు చూసి, "మీరొద్దు," అంది.

ఆవిడ లోపలికి వెళ్లగానే పిచిక మెట్టు మీద కూలబడింది. 

"రావద్దని చెప్పానా లేదా?"

"చెప్పావు."

"నువ్వు లేకపోతే దిగిపోయేదాన్నేమో. అది ఎప్పటికీ తెలియదిప్పుడు."

తల్లి వచ్చి పక్కన కూర్చుంది.

"గురువారం నువ్వన్నది నిజంగా అనుకునే అన్నావా?"

అబద్ధం నాలుక చివర సిద్ధంగానే ఉంది. "అనుకునే అన్నాను," అంది తల్లి. "నాకు నీ జోకులు అర్థం కావే. అంతమంది నోళ్లు తెరిస్తే నాకు నవ్వు కనబడదు. పళ్లు కనబడతాయి."

పిచిక ఆమె వైపు తిరిగింది. "అమ్మా, అది వాడుకోనా?"

"ఏది?"

"పళ్ల మాట. వేదిక మీద."

"నన్ను చూసి నవ్వుతారు కదే."

"నవ్వుతారు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. పరాయి జనం, ఆమె లేని గదిలో, ఆమె భయాన్ని చూసి నవ్వుతారు. "సరే," అంది.

కింద వీధిగుమ్మంలో ఆ ఇస్త్రీ చొక్కావాడు ఒక్కడే నిలబడి ఉన్నాడు. చూడగానే ఆమె కూతురికి అడ్డంగా వెళ్లింది. అతను పక్కకి జరిగి దారి ఇచ్చాడు.

"వచ్చే వారం కూడా వస్తాను," అన్నాడు. మెచ్చుకోలో, బెదిరింపో ఆ ముఖంలో తేలలేదు.

"రండి," అంది పిచిక.

మలుపు తిరిగేదాకా తల్లి వెనక్కి చూస్తూనే నడిచింది. తర్వాత కూతురి మోచెయ్యి పట్టుకుంది.

"వాడు ఈసారి ఇంకా పెద్ద మాట అంటే? అప్పుడేం చెబుతావు? ఇప్పుడే చెప్పు, వింటాను."

"ఏమోనమ్మా. వాడు అన్నాకే కదా తెలిసేది."

ఇంకా ఏడు రోజులు. ఆమె ఆ మోచెయ్యిని మరికాస్త గట్టిగా పట్టుకుని, రోడ్డుకి రెండు వైపులా రెండేసి సార్లు చూసి, అప్పుడు దాటించింది.