పూజలో పెట్టిన డిస్కు

కొండాపూర్‌లోని ఒక స్కానింగ్ సెంటరులో కంప్యూటర్లు చూసుకునేవాడు ఉదయ్ భాస్కర్. కాకినాడ మనిషి. జాగ్రత్తలు చెప్పడంలో అతనికి అలుపన్నది లేదు. ముక్కూమొహం తెలియని మెయిల్ తెరవొద్దు, పాస్‌వర్డు కాగితం మీద రాసి తెరకు అంటించొద్దు అని నెలకోసారి అందరినీ కూర్చోబెట్టి చెప్పేవాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. వినేవాళ్లేమో సమోసాలు ఎప్పుడొస్తాయా అని తలుపు వైపు చూసేవాళ్లు.

అతను ప్రాణంగా చూసుకున్న పద్ధతి ఒకటుంది. రోగుల స్కాన్ బొమ్మలన్నిటికీ నకలు ఒక డిస్కులోకి ఎక్కించి, సాయంత్రం దాన్ని సర్వరు నుంచి ఊడదీసి ఇనుప బీరువాలో పెట్టించేవాడు. వైరస్ వచ్చి సర్వరును మింగేసినా బీరువాలోది మిగులుతుందని అతని నమ్మకం. నమ్మకం తప్పేమీ కాదు. బీరువాకు తాళం వేసేది సెక్యూరిటీ కొమురయ్య. సిద్దిపేట వైపు నుంచి వచ్చి చందానగర్‌లో కిరాయికి ఉంటాడు. చదువు రాదు గానీ, ఆరు కాగానే సర్వరు గది గుమ్మంలో నిలబడి డబ్బా ఏదని అడిగేవాడు. మూడేళ్లలో ఒక్క రోజు తప్పలేదు.

దసరా ముందు రోజు ఆయుధ పూజ చేశారు. యంత్రాలకు పసుపు కుంకుమలు, సర్వరుకు బంతిపూల దండ. యజమాని రంగనాథ్ సర్వరుకు తగిలించి ఉన్న డిస్కునూ వదల్లేదు, దానికీ బొట్టు పెట్టి హారతిచ్చాడు. గుమ్మడికాయ కొట్టించి, రేపు పండగ సెలవన్నాడు. అందరూ ప్రసాదం పట్టుకుని వెళ్తుంటే కొమురయ్య వచ్చాడు.

“సార్, గా డబ్బ గుంజి బీరువల పెట్టాల్నా?”

ఉదయ్ చెయ్యి డిస్కు దాకా వెళ్లి ఆగింది. చిన్నప్పుడు పూజలో పెట్టిన లెక్కల పుస్తకాన్ని కూడా మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా వాళ్లమ్మ ముట్టనిచ్చేది కాదు.

“వద్దులే కొమురయ్యా. పూజలో ఉన్నదాన్ని కదపకూడదు. ఎల్లుండి తీద్దాం.”

ఏడాది పొడుగునా అందరి చెవులూ తూట్లు పడేలా చెప్పిన మనిషి అన్న మాట ఇది. ఎదుటివాడికి చెప్పేటందుకే నీతులని ఊరికే అనలేదు.

ఆ మధ్యాహ్నమే రిసెప్షన్‌లో స్రవంతి, ఫిల్ముల కంపెనీ బిల్లనుకుని ఒక మెయిల్ తెరిచింది. ఆ పిల్లను అని లాభం లేదు, అది అచ్చం బిల్లులాగే ఉంది. పండగ రోజంతా వైరస్ తీరిగ్గా తన పని చేసుకుంది. సెలవు తరువాత వచ్చి చూస్తే సర్వరులో ఒక్క బొమ్మా తెరుచుకోలేదు. తగిలించి ఉన్న డిస్కులోనూ అంతే. తెర మీద డబ్బు అడుగుతూ ఒక చీటీ ఉంది. ఇచ్చినా బొమ్మలు వస్తాయన్న పూచీ లేదని పోలీసులన్నారు, రంగనాథ్ ఇవ్వలేదు. పోయింది సెంటరు పరువేనని అప్పటికి ఉదయ్ అనుకున్నాడు.

వారం తిరక్కుండా కొమురయ్య భార్య వసంతకు మూర్ఛ వచ్చింది. లింగంపల్లిలో ఒక హాస్టల్లో వంట చేస్తుంది ఆవిడ. పెద్ద దవాఖానలో స్కాన్ తీసి మెదడులో మచ్చ ఉందన్నారు. రెండేళ్ల కింద తలనొప్పికి ఈ సెంటరులోనే తీసిన స్కాన్‌లోనూ మచ్చ కనిపించింది. అప్పుడు ఫిల్ము ఎందుకు, దండగ ఖర్చు, కంప్యూటర్లో భద్రంగా ఉంటుందని చెప్పింది ఉదయే. చేతిలో ఉన్న అప్పటి రిపోర్టు కాగితంలో చిన్న మచ్చ అని ఉంది గానీ ఎంత చిన్నదో లేదు. పాత బొమ్మ తెస్తే పక్కన పెట్టి చూస్తానన్నాడు డాక్టరు. మచ్చ పెరగకపోతే మందులతో సరిపోతుంది, పెరిగి ఉంటే వెంటనే తల తెరవాలి. బొమ్మ దొరక్కపోతే పెరిగిందనే అనుకోవాల్సి వస్తుందన్నాడు.

కొమురయ్య మూడు రోజులు సర్వరు గది గుమ్మంలో నిలబడి చూశాడు. ఉదయ్ తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాడు, వచ్చిన ఉపాయమల్లా ప్రయత్నించాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయింది. నాలుగో రోజు వసంతకు ఆపరేషన్ చేశారు.

తీసిన ముక్కను పరీక్షకు పంపితే, అది ఏ కీడూ చెయ్యని పాత మచ్చని తేలింది. ముట్టుకోవాల్సిన పనే లేదు. వసంత బతికింది. మాట పడిపోయింది, కుడిచెయ్యి లేవడం లేదు.

ఆ రోజు వద్దన్నది నేనే అని చెప్పేద్దామని గట్టిగా అనుకుని ఉదయ్ దవాఖానకు వెళ్లాడు. వసంత అతన్ని గుర్తుపట్టి ఏదో అనబోయింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. చూడలేక బయటికి వచ్చేశాడు. వెనకాలే కొమురయ్య వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

“తప్పు నాదే సార్. రోజు లెక్కనే గుంజి లోపల పెట్టేదుండె. మిమ్ములను ఎందుకు అడిగిన నేను?”

నీ తప్పు కాదంటే ఎవరిదో చెప్పాలి.

“ఊరుకో కొమురయ్యా” అన్నాడు ఉదయ్, అతని భుజం మీద చెయ్యి వేసి.