వేళ్లతో విన్న మెకానిక్

పదకొండేళ్లు ఇంకొకరి టాక్సీ నడిపి, చివరికి ఆమె సొంతంగా ఓ పాత కారు కొనుక్కుంది. కొన్న మూడో రోజే డ్రైవరు పక్క తలుపు కిర్రుమనడం మొదలుపెట్టింది. వెనక కూర్చున్నవాళ్లు ఉలిక్కిపడేవారు. తలుపు తిరిగే బందుల్లో కుట్టుమిషను నూనె పోసింది. చప్పుడు ఓ పూట ఊరుకుని మళ్లీ మొదటికొచ్చింది.

సంగతి విని బావగారు పెదవి విరిచాడు. బండి ఎక్కడో గుద్దుకునే ఉంటుందని, తలుపు చట్రమే వంగిపోయిందని, అమ్మినవాడు పైన రంగేసి చేతులు దులుపుకున్నాడని తేల్చేశాడు. అక్క ఆయన్ని కసిరింది గానీ మాట అప్పటికే గుండెలో దిగబడింది. నాలుగు రోజులు ఆమెకు ముద్ద దిగలేదు.

అయిదో రోజు స్టాండులోవాళ్లు చెబితే ఓ ముసలి మెకానిక్ దగ్గరికి వెళ్లింది. ఆయనకు చెవులు సరిగ్గా వినపడవని తీరా వెళ్లాక తెలిసింది. చప్పుడు పోగొట్టుకోవడానికి చెవిటాయన దగ్గరికొచ్చానా అని ప్రాణం ఉసూరుమంది.

ఆయన ఒక చేత్తో తలుపును మెల్లిగా ఆడిస్తూ, రెండో చేతి వేళ్లు పై బందు మీద ఆనించాడు. తల అడ్డంగా ఊపాడు. కింది బందూ కాదు. రెండింటి మధ్య, తలుపు మరీ వెనక్కి పోకుండా ఆపే ఇనుప పట్టీ మీద వేళ్లు పెట్టగానే కళ్లు మెరిశాయి. ఆమెను కూడా పెట్టి చూడమన్నాడు. సన్నటి వణుకు తగిలింది.

"ఎండిపోయిందమ్మా. నువ్వు నూనె బందులకి పోశావు, దాహం దీనిది."

"చట్రం వంగలేదా, బాబాయ్?" రెండోసారి అరిచి అడిగితే గానీ ఆయనకు అందలేదు. దారినపోయేవాళ్లు కూడా తిరిగి చూశారు.

ఆయన పాత పేపరు నుంచి ఓ ముక్క చింపి, తలుపు సందులో పెట్టి, తలుపు మూసి ఆ కాగితాన్ని లాగాడు. బిగుసుకుంది. అలా చుట్టూ పది చోట్ల చూశాడు. అన్నిచోట్లా ఒకే పట్టు.

"వంగుంటే ఎక్కడో ఓ చోట కాగితం జారిపోయేది. ఎవరన్నారు నీకు?"

"మా బావ," ఈసారి ఆయన చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పింది.

"మెకానిక్కా?"

"కాదు. చెప్పుల కొట్టు."

ఆయన పగలబడి నవ్వాడు. ఇనుప పట్టీకి పట్టిన మట్టిని కిరసనాయిలుతో కడిగి, తుడిచి, గ్రీజు పూశాడు. తలుపును ఓ ఇరవైసార్లు ఆడించి, కనుబొమలెగరేసి ఆమె మొహంలోకి చూశాడు. చప్పుడు పోయిందో లేదో ఆమే చెప్పాలి మరి. తల ఊపబోతే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయనకు జవాబు అందింది.

చేతులు కడుక్కుని మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసి, సగం ఆమె వైపు జరిపాడు. ఆమె మొహమాటపడలేదు.